బండ మీద సొర

ఆదివారం పొద్దున, ఎర్రగుంట్ల నాలుగు రోడ్ల కాడ
పక్కీరమ్మ థర్మాకోల్ పెట్టె మూత తీసి
"వామ్మో, ఇది ఇంకా సావలా సార్" అనింది.

రాత్రి కృష్ణపట్నంలో ఎక్కించిన సరుకు.
మంచు కరిగి, కానాగంతల మీద అడ్డంగా
మూరెడు కూడా లేని సొర.
ఒంటి మీద ముదురు పట్టీలు మాసిపోతున్నాయి,
చిన్నతనం ఇప్పుడిప్పుడే వదుల్తోందన్నమాట.
ముక్కు పక్కన రెండు పొట్టి మీసాలు.
వాటితోనే చీకట్లో ఇసక తడిమి
రొయ్యనో పీతనో కనుక్కుంటుంది.
పగలంతా రాతి సందులో నిద్ర.
సొరంటే పళ్లే గుర్తొచ్చే మనకు
దీన్ని చూస్తే నవ్వొస్తుంది.

పెద్ద సొరల్లో కొన్నిటికి ఆగితే ఊపిరాడదు,
ఈదుతూనే ఉండాలి.
ఇది అట్లా కాదు. అడుగున పడుకునే నీళ్లు మింగి
మొప్పల్లోంచి వదుల్తుంది.
ఆటు నీళ్లు వెనక్కి పోయి గుంటలో చిక్కుకుంటే
ఒంట్లో ప్రాణాన్ని సన్నగా వెలిగించుకొని
పోటు వచ్చేదాకా కాచుకుంటుంది.
ఇప్పుడూ ఆ పనే చేస్తోంది కాబోలు.
ఎర్రగుంట్లకు పోటు రాదని దానికెవరు చెప్పాలి?

నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తా. నోరూరుకోదు.
"గుడ్డులో ఉన్నప్పుడే, పక్కీరమ్మా,
దగ్గరికి పెద్ద చేపేదన్నా వచ్చిందని తెలిస్తే
లోపలి పిల్ల ఊపిరి బిగబట్టి
తోక ఆడించడం మానేస్తుంది."
"మా చిన్నోడు గూడా అంతే సార్,
వాళ్ల నాయన తాగొచ్చినప్పుడు."

నేనేం మాట్లాడలేదు.

దాన్ని ఎత్తి, కోసే బండ మీద పెట్టింది.
నల్ల కడప బండ. కోసీ కోసీ నున్నగైంది.
ఒక మూల మాత్రం పాలిష్ తగలని అలల గీతలు.
చేపలన్నవే పుట్టని కాలాన
ఈ ఊరి మీద నిలిచిన సముద్రానికి అడుగు అది.
సొర ముందు రెక్కలు రెండూ ఆనించి
ఎడమదొకసారి, కుడిదొకసారి,
జానెడు నడిచింది.
గీతల కాడ ఆగింది.

"ఎంతకిస్తావు? కొట్టియ్యి" అన్నాడు వెనకాయన, సంచి విప్పుతా.
పక్కీరమ్మ తడి గోనెపట్టా తెచ్చి దాని మీద కప్పింది.
"చీకటి గావాల గదా దానికి.
అమ్మేది గాదన్నా. దాని పని ఇంకా అయిపోలా."

అరకిలో జలేబీలు తీసుకొని
చిల్లర చేతిలోనే పట్టుకొని నిలబడ్డా.
గోనె కింద
మొప్ప లేస్తోంది, పడుతోంది,
చానా సేపటికొకసారి.