ఖాళీ కడుపు మాత్ర

తెల్లారి నాలుగున్నర.
మిరపగింజంత మాత్ర, గ్లాసుడు నీళ్లు.
ఇక అరగంట టీ ముట్టకూడదు.
రోడ్డవతల మాల్యాద్రి కొట్లో
అల్లం దంచుతున్న చప్పుడు.

టంగుటూరు పొగాకు గోడౌన్లో పదహారేళ్లు.
పచ్చాకు, పండాకు, మాడినాకు
కళ్లు మూసుకున్నా వేలికి తెలిసేవి.
నా రంగే తెలియలేదు.
రోహిణికార్తెలో దుప్పటి కప్పుకుంటే నవ్వారు.
ఆకుముక్కలతో పాటు జుట్టూ ఊడ్చేదాన్ని.
"దీనికి ఒళ్లొంగదు" అన్నాడు మేస్త్రి.
నేనూ నమ్మాను.

ఒంగోలు ల్యాబువాళ్లు కాగితమిచ్చారు:
టీఎస్‌హెచ్ నలభై రెండు.
బస్టాండులో కూర్చుని ఏడ్చాను.
బద్ధకం కాదంట.
జబ్బంట.

ఐరన్ మాత్ర మధ్యాహ్నం అన్నం తర్వాతే;
రెండూ ఒకచోట ఇమడవు, తోడికోడళ్లలా.
శేషారత్నం అంటగట్టిన బలం పొడి డబ్బా
సీలు విప్పకుండా అటక మీద.

అరగంటైంది.
మాల్యాద్రీ, చిక్కగా పొయ్యి.