పదకొండో నెంబరు గది

పేరు షారోను. వయసు ఇరవై రెండు.
వన్‌టౌన్‌లో చీరల కొట్లో మడతలు విప్పే పని.
రాసుకున్నావా అక్కా?
ఆయన జోజిబాబు. ఆటోనగర్‌లో
లారీల వెనక అక్షరాలు రాస్తాడు.
"దూరం పాటించండి" అని
స్కేలు లేకుండా, దారం పట్టకుండా
అచ్చుగుద్దినట్టు రాస్తాడు.
పొద్దున్నే మటుకు చెయ్యి వణుకుద్ది,
క్వార్టర్ పడేదాకా.

అలవాట్లున్నాయా అని అడిగావు.
ఆయనకా, నాకా?
నా పుట్టినరోజుకి స్ప్రైట్‌లో కలిపి
తాగకపోతే నా మీద ఒట్టే అన్నాడు.
తర్వాత రెండు మూడుసార్లు నేనే అడిగాను.
తాగితే దెబ్బ కొంచెం దూరంగా తగులుద్ది,
పక్కింట్లో ఎవరికో తగిలినట్టు.
ఇది కూడా రాసుకో.

మన భాష చూశావా,
మందూ కొట్టడమే, మనిషినీ కొట్టడమే.
"మీ ఆయన మందులేమన్నా వాడతాడా" అని
నువ్వడిగితే నవ్వొచ్చింది.
తప్పుగా అనుకోమాక.

నెలకి ఎన్నిసార్లు కలుస్తారని ఉంది నీ కాగితంలో.
కలవడమంటే ఇద్దరు ఉండాలిగా.
ఆదివారాలు, జీతం రోజు,
ఇక లారీ డెలివరీ అయిన రాత్రులు.
గొల్లపూడి దాకా పార్టీ, తెల్లారగట్ల తలుపు.
మధ్యలో ఎక్కడెక్కడ ఆగాడో చొక్కాకి తెలుసు.
ఉతికేది నేనే కాబట్టి నాకూ తెలుసు.
"ఇష్టం లేకుండా" అని గడి లేదు ఇందులో.
పక్కన ఖాళీలో రాయి.

మీ ఆశా వర్కరు ఇచ్చిన ప్యాకెట్టు
బియ్యం డబ్బాలో అడుక్కి తోశాను.
ఎలా అడగాలో వారం రోజులు నేర్చుకున్నాను,
కొట్లో అద్దం ముందు,
బేరం తెగని ఆవిడకి చీర చూపించినట్టు:
"ఇది వాడదామండీ, అప్పుడే పిల్లలెందుకు."
ఒక్కసారే అన్నాను.
"ఎవడు నేర్పాడే" అన్నాడు.
నేను నోరు తెరిచేలోపు
చెవి దుద్దు మంచం కిందకెళ్లింది.
ఇంతవరకూ దొరకలేదు.

పోయిన వారం క్లీనరు చిట్టియ్య
మా గడప మీద కూర్చుని లేస్తుంటే
జేబులోంచి ఏఆర్‌టీ కార్డు పడింది.
ఆయన చూడనట్టు చూశాడు.
నేను చూసినట్టే చూశాను.
ఇద్దరూ ఒకే బండి మీద తిరుగుతారక్కా, మూడేళ్లుగా.

ఇరవై నిమిషాలు కూర్చోమన్నావు.
వేలి మీద దూది.
బెంచీ మీద ఇంకో పిల్ల,
కాలేజీ బ్యాగు, జిప్పుకి ఎలుగుబంటి బొమ్మ.
ఇద్దరం గోడమీద పోస్టరు
చదివిందే చదివాం.
అందులో మొగుడూ పెళ్లాం నవ్వుతున్నారు.
దేనికో ఆ పిల్లకీ అర్థం కాలేదనుకుంటా.

ఒక గీతే వచ్చింది, మంచిదే అన్నావు.
ఊపిరి వదలబోయాను.
విండో పీరియడ్ అన్నావు.
మూడు నెలలు, లోపల ఉన్నా కనపడకపోవచ్చు,
మళ్లీ రా, ఈలోపు జాగ్రత్త అన్నావు.
ఎవరికి చెప్తున్నావక్కా జాగ్రత్త?

విండో అంటే కిటికీ కదా.
సింగ్‌నగర్‌లో మా గదికి ఒకటే ఉంది.
బుడమేరు వచ్చిన ఏడాది చెక్క ఉబ్బి
మూసుకోదు, పూర్తిగా తెరుచుకోదు.
సందు మొగలో ఆయన బండి చప్పుడు
అందులోంచే వినపడుద్ది.
స్టాండు ఒక్కసారికి పడితే తాగలేదు.
మూడోసారికి పడితే
నేను గిన్నెలు పైకెత్తి పెడతాను.

అలాంటి రాత్రి అయితే
డెబ్బై రెండు గంటల్లోపు రమ్మన్నావు, మందు ఉందన్నావు.
ఆ మందు.
ఫోన్ నెంబరు కాగితం మీద వద్దు, దొరికిపోద్ది.
చేతి మీద వద్దు, అదీ చూస్తాడు.
నోటితో చెప్పు, బట్టీ పడతాను.
మూడొందల చీరల రేట్లు నోటికొచ్చు నాకు.

రేపు వడ్రంగిని పిలుస్తాను.
ఆ కిటికీ రెక్క కాస్త చెక్కితే
మనిషి పడుద్ది.
నిన్న రాత్రి ఆయన గురక పెడుతుంటే
కొలిచాను,
నా జానతో
మూడున్నర.