వచ్చిన సమయం

నా గదిలో కుళాయి ఉండదు.
కమోడులో నీళ్ళు నీలంగా ఉంటాయి, రంగు నేనే కలుపుతాను.
జేబులు ఖాళీ చేయించి, చేతులు కడిగించి,
కప్పు ఇచ్చి, తలుపుకి ఇవతల నిలబడతాను.
చప్పుడు వినడం నా ఉద్యోగం.
గంటకు పదిహేడు డాలర్లు.

ఆల్సీడ్ గిడ్రీ వచ్చేసరికి ఇంకా వెలుగు రాలేదు.
మిసిసిపీ మీద బార్జీల్లోకి సోయా గింజలు పోసే క్రేను అతనిది.
రాత్రంతా నడిపి దిగితే
ఫోర్‌మన్ చేతిలో చీటీ పెట్టాడు.
"కార్డు కొట్టేసి వెళ్ళు."
కొట్టేసి వచ్చాడు, ఇరవై రెండు మైళ్ళు,
సొంత ట్రక్కు, సొంత పెట్రోలు,
మీసాల్లో సోయా పొట్టు.
ఆరూ పది.

అతనికి రాలేదు.

సిగ్గుతో బిగుసుకుపోయినవాళ్ళను చూశాను,
తొడకు దొంగ సీసా కట్టుకొచ్చినవాళ్ళనూ చూశాను.
ఇతను ఆ రెండు రకాలూ కాదు.
దిగడానికి తొంభై మెట్లున్నవాడు
షిఫ్టులో నీళ్ళు తాగడం మానుకుంటాడు.
ఒంట్లో చెమ్మ లేదు, అంతే.

రూలు ప్రకారం మూడు గంటల గడువు.
నలభై ఔన్సుల నీళ్ళు, అంతకు మించి ఇవ్వకూడదు.
గడప దాటితే నిరాకరించినట్టు.
నిరాకరిస్తే పని పోయినట్టు.

ఏడింటికి కూతురు ఫోను.
"బస్సెక్కెయ్ జెనవీవ్, నేను రాలేను."
ఎక్కడున్నావని అడిగినట్టుంది.
"పనిలో" అన్నాడు.
ఆ మాట తన చెవికే అబద్ధంలా తగిలిందేమో,
నా వైపు తిరిగాడు.

"ఇప్పుడు నీకు జీతం నడుస్తోందా?"
నడుస్తోంది.
"ఈ కప్పుకి?"
మీ కంపెనీయే కట్టింది.
"పట్టుకుపోయే కుర్రాడికి?"
ట్రిప్పుకింత.
"లాబుకి?"
శాంపిలుకింత.
"ఆ నీలం రంగుకి?"
నవ్వొచ్చింది. దానికీ బిల్లుంది.
"అయితే ఉచ్చ పోసేవాడొక్కడే ఉచితం."

పరీక్ష వద్దని అతను అనలేదు.
ఎవడో తాగి వించి తిప్పితే
మోకాలి కింద కాలు పోయిన తమ్ముడున్నాడట.
"పెట్టండి. రోజూ పెట్టండి.
నా గడియారం ఆపకుండా పెట్టండి."

గోడ మీద పోస్టరుంది, 'మీ భద్రత కోసమే' అని.
మత్తు లేనివాడికి పది నిమిషాల పని అంటారు ఆఫీసువాళ్ళు.
పది నిమిషాలే అయితే ఇవ్వడానికేం నొప్పి?
పదకొండేళ్ళుగా ఈ కప్పులు అందిస్తున్నాను,
ఈ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు.

మా అమ్మమ్మ చెరకు కొట్టేది.
కాటా దగ్గర వరసలో నిలబడ్డ పొద్దుని
ఎవరూ తూచలేదు.
రానని అనలేని చోటు, లేచిపోలేని కుర్చీ,
ఒకడి హుకుం మీద కూచున్న గంటలు.
దానికి ఆమె దగ్గర ఒక మాట ఉండేది,
వెట్టి లాంటి మాట,
చెప్పాక ఉమ్మేసే మాట.

తొమ్మిదికి ఆరు నిమిషాలుండగా చప్పుడు వినబడింది.
గీత దాకా నిండింది. వేడి సరిపోయింది.
సీలు మీద పొట్టి సంతకం.

ఫారంలో సేకరించిన సమయానికి గడి ఉంది.
వచ్చిన సమయానికి లేదు.
అడుగున ఇతర వివరాలకని ఒక ఇరుకు గీత.
అక్కడ రాశాను:
వచ్చింది ఆరూ పదికి. కుర్చీ వదల్లేదు.

నకలు నాలుగు మడతలు పెట్టి టోపీలో దోపుకున్నాడు.
థాంక్స్ అనలేదు.
ట్రక్కు మూడోసారికి గానీ అందుకోలేదు.

పై మంగళవారం అదే రేవు నుంచి ఒకావిడ,
ఎర్ర హెల్మెట్, తాళ్ళు కట్టి కట్టి కాయలు కాసిన అరచేతులు.
కప్పు చాపితే అందుకోలేదు.

"ముందు టైం రాయి" అంది.