మూడో బెల్టు

పగలంతా నా వీపు వెనక
నలభై రెండు సీట్లు తిరుగుతాయి
కువోపియో ఊళ్ళో పదిహేడో నంబరు బస్సులో.
ఆస్పత్రి దాకా సగం నిండుగా, సరస్సు గట్టు దాకా పావు,
ఆఖరి స్టాపులో నేనూ, ఎవరో మరిచిన తడి చేతితొడుగూ.
ఇంటికొస్తే
మూడు సీట్లకి చోటు లేదు.

మనసులో చోటుంటే ఇంట్లో చోటుంటుందంటారు.
ఇల్లు ఒప్పుకుంది. సర్దుకుంది.
యౌకో కుట్టుమిషను నడవాలోకి జరిపాడు,
హిల్లా తన బీరువాలో రెండు అరలు ఖాళీ చేసి
ఒక అర మళ్ళీ వెనక్కి తీసుకుంది.
కారు మాత్రం ఒప్పుకోలేదు.
కారుకి సామెతలు తెలియవు.

మూడు శనివారాలు
రెండు పిల్లల కుర్చీలు డిక్కీలో, ఒకటి ఒళ్ళో పెట్టుకుని
పాతకార్ల దుకాణాలన్నీ తిరిగాం.
మొదటిదాంట్లో మూడూ పట్టాయి, తలుపు పట్టలేదు.
ఎర్రదాంట్లో తలుపు పడింది గానీ
బెల్టు మూతిలో నొక్కడానికి వేలు దూరలేదు.
యౌకో గోరు విరిగింది. అప్పుడు నోరు జారిన మాట
సైమి వారమంతా బడిలో వాడింది.
ఇంకోటి పొడుగాటిది, చివర్న మడత సీట్లున్నది.
అక్కడ ఎవర్ని కూర్చోబెడతాం?
అద్దంలో చూస్తే అంత దూరాన
ఆ పిల్లాడు వేరే బండిలో
మా వెనకే వస్తున్నట్టుంటాడు.

"అయిదుగురికి అని రాసుంది కదమ్మా"
అన్నాడు డీలరు పార్తనెన్, కాఫీ ఊదుకుంటూ.
పెద్దవాళ్ళు అయిదుగురికి, అన్నాను.
పెద్దవాళ్ళు భుజాలు ముడుచుకుంటారు,
కాస్త అటు ఒరుగుతారు, ఊపిరి బిగబట్టుకుంటారు.
మనిషి ఎంత చిన్నదైతే
అంత చోటు కావాలి.
మూడు కిలోలతో పుట్టినదానికి
పదమూడు కిలోల సింహాసనం.

అతను నవ్వాడు. మూడో కాన్పు ఎప్పుడమ్మా, అన్నాడు.
గురువారం, అన్నాను.
నా పొట్ట వంక చూశాడు.
నాలుగేళ్ళవాడు, అన్నాను. పేరు నీలో.
వాళ్ళమ్మ కోలుకునేదాకా మా దగ్గర.
ఎన్నాళ్ళు?
కాగితంలో ఆ గడి ఖాళీగా ఉంది.

ఖాళీ గడి కోసం ఉన్న కారు అమ్ముకుంటారా,
అద్దెకి తీసుకోండి, మంచికే చెబుతున్నా, అన్నాడు.
మంచి మాటే.
యౌకో టేపు చుట్టుకుంటూ బయట మంచు చూశాడు.
చిన్నప్పుడు అతనూ మూడిళ్ళు మారాడు,
మూడు కార్లలోనూ
బ్యాగుల పక్కన, బ్యాగు వెడల్పులో కూర్చున్నాడు.
డీలరుకి ఆ సంగతి ఎందుకు?

ఆఖరికి దొరికింది బూడిద రంగుది.
ఎవరో బేకరీ వాళ్ళదట, ఇంకా పిండి వాసన.
వెనక మూడు సీట్లు మూడు ముక్కలుగా
ఎవరి వీపు వాళ్ళది, ఎవరి కొక్కేలు వాళ్ళవి.
వేలు దూరింది. పక్కన ఇంకో అర వేలూ.
తలుపు మీద జానెడు గీత.
హీటరు వేడెక్కే ముందు కాసేపు దగ్గుతుంది,
బస్సు తోలేదాన్ని, దగ్గే యంత్రాలు నాకలవాటే.

కిటికీ పక్కన ఎవరన్నదాని మీద
పిల్లలిద్దరికీ యుద్ధం జరిగింది.
నెత్తురు రాకముందే హిల్లా ఆగి
ఒక కిటికీ వాడికిద్దాం, అంది,
వాడికి దారి తెలియదు కదా.

ఇంటికొస్తుంటే కారు కూత మొదలెట్టింది.
బెల్టు, బెల్టు, బెల్టు.
లెక్కపెట్టాను. నలుగురం. నలుగురికీ ఉన్నాయి.
ఖాళీ కుర్చీ బరువు చూసి
అక్కడెవరో కూర్చున్నారనుకుంది.
రోడ్డు పక్కన ఆపి, మంచులో దిగి
కుర్చీకి, కుర్చీలోని గాలికి
బెల్టు పెట్టాను. టిక్కుమంది.
కూత ఆగింది.

వచ్చేశాడా, అంది సైమి నిద్రలో.
గురువారం, అన్నాడు యౌకో.
నేను అద్దం
కొంచెం ఆ పక్కకి తిప్పుకున్నాను.