రసమట్టం

ఆయుధపూజ నాడు పెట్టిన కుంకుమ
డ్రిల్లు మూతి మీద ఇంకా ఉంది.
డ్రిల్లు పట్టుకునేది హైమ.
నిచ్చెన పట్టుకునేది నేను.
హోరమావులో మా ఇంటి పని పంపకం ఇదే.

హాలు గోడకి చెమ్మ.
పోయిన వానలప్పుడు అరచేయంత ఉండేది,
ఈ యేడు ఆవుదూడంత అయింది.
మస్తాను మేస్త్రీ వచ్చి, గోడ తట్టి, చెవి ఆనించి విని
డాక్టరు లాగా "టెర్రసు" అన్నాడు.
అడ్వాన్సు తీసుకుని రాయచోటి పోయాడు,
చెల్లెలి పెళ్ళట.
ఫోను చేస్తే ఒకావిడ కన్నడంలో
అందుబాటులో లేరంటుంది, ఎంతో మర్యాదగా.

ఇంతలో మేదిని.
తొమ్మిదేళ్ళు.
హాలోవీన్ రాత్రి ఎవరింటి ముందు ఎక్కువ భయమేస్తే
వాళ్ళకి బహుమతి అని
లేఅవుట్ పిల్లలంతా తీర్మానించుకున్నారు.
మూడో నంబరింట్లో ఆన్‌లైన్లో తెప్పించిన అస్థిపంజరం,
కళ్ళు వెలుగుతాయి, నవ్వుతుంది.
ఏడో నంబరు వాళ్ళు గుమ్మడికాయకి పళ్ళు చెక్కారు.
"మనకేముంది నాన్నా?"
మనకి మూడు సిమెంటు సంచులున్నాయి తల్లీ,
మొన్నటి వానకి సగం కూలిన ప్రహరీ ఉంది,
గుమ్మం మీద దిష్టిబొమ్మ ఉంది,
కోరమీసం, బయటికొచ్చిన నాలుక.
"అది రోజూ ఉండేదే కదా,
పాలబ్బాయి కూడా భయపడడు."

దెయ్యానికి తెల్లబట్ట కావాలట.
మా ఇంట్లో తెల్లవేవీ ఉండవు,
దుప్పట్లన్నీ మరక కనపడని రంగులు,
హైమ ముందుచూపు.
అటక మీద వెతికితే రేకుపెట్టె.
పెట్టెలో తాపీ, తూకంగుండు,
నాయన రసమట్టం,
వాటి కింద మడత చెదరని నాయన పంచె.

వద్దనాలి.
నోరు తెరిచాను కూడా.
ఆలోపే అది భుజానేసుకుని
నిచ్చెన దగ్గర్నుంచి గుమ్మం దాకా ఉరికింది.
బొగ్గుతో కళ్ళు గీయొద్దు,
నల్లకాగితం అతికించు
అని మాత్రం చెప్పగలిగాను.

కర్రకి కుండ బోర్లించి, పంచె కప్పి,
జామచెట్టుకి కట్టాం.
పక్కింటి గిరిజమ్మ వచ్చి చూసి
"దెవ్వానా?" అని అడిగి, జరీ అంచు తడిమి,
"ఒళ్ళె మనెతనద దెవ్వ" అంది.
మంచి కుటుంబపు దెయ్యమే అని.

రాత్రి ఎనిమిదికి పిల్లలొచ్చారు,
అట్టటోపీలు, ప్లాస్టిక్ కోరలు.
హైమ నిప్పట్లు పంచింది, చాక్లెట్లూ.
ఎవరూ పెద్దగా భయపడలేదు.
"ఇదేం దెయ్యం అంకుల్,
ఊరికే చూస్తా ఉంటుంది" అన్నాడొక కోరలవాడు.

గాలికి కాస్త ముందుకి వంగింది,
కూలిన ప్రహరీ వైపు.
నాయన అట్లాగే వంగేవాడు, ఒక కన్ను మూసి.
హిందూపురంలో నలభై ఏళ్ళు గోడలు కట్టిన మనిషి,
ఎవరింటికి పోయినా మంచినీళ్ళ కంటే ముందు
గోడ చూసేవాడు.
మా గృహప్రవేశం రోజు, అంతమందిలో,
ఆ ప్రహరీనే చూసి
"పొట్ట పెట్టిందిరా" అన్నాడు.
రెండు నెలలు నేను ఫోను ఎత్తలేదు.

బహుమతి మూడో నంబరు వాళ్ళకే.

పదకొండింటికి వాన.
వంటింటి కిటికీలోంచి చూస్తే
తడుస్తున్నాడు.
గొడుగు తీసుకుని పరిగెత్తాను.
దెయ్యానికి జలుబు చేస్తుందా అని
హైమ అనొచ్చు. అనలేదు.
వెనకే వచ్చి టార్చి పట్టుకుంది.
పంచె విప్పి, చెరో కొసా పట్టుకుని పిండి,
హాల్లో కుర్చీ మీద ఆరేశాం,
చెమ్మ గోడకి ఎదురుగా.

పొద్దున లేచేసరికి
మేదిని కిటికీ గట్టు మీద రసమట్టం పెట్టి
గడ్డం ఆనించి చూస్తోంది.
"బుడగ మధ్యకి రాదేంటి నాన్నా?
ఎక్కడ పెట్టినా పక్కకే పోతుంది."
ఒక కన్ను మూసింది.

హైమ డ్రిల్లు ప్లగ్గు పెట్టింది.
నేను నిచ్చెన తెచ్చాను.