ఏడు పలుకులు

రథసప్తమి ముందురాత్రి
అమ్మ బూడిదతో మూడుసార్లు చేతులు తోముకుంది.
జీడినూనె మరక కదల్లేదు.
"సూరీడు సూడని సేతులేటి ఇవి" అని ఊరుకుంది.

తెల్లారగట్ట వాకిట్లో పిడకలు రాజేసి
పాలు పొంగాక కొత్తబియ్యం పోసి
చెరుకు గడతో కలుపుతోంది.
బెల్లం దింపాకే వెయ్యాలి, లేకపోతే పాలు విరుగుతాయి—
ఏటా విరగ్గొట్టే గున్నమ్మత్త
ఏటా చెప్పే మాట.

కాశీబుగ్గలో దినమంతా జీడిగింజలు కొట్టే అమ్మ
ఇంటికి తెచ్చేది నూకపలుకే.
గుండుపలుకు డబ్బాకెక్కి, రైలెక్కి పోతుంది.
పదేళ్లొచ్చేదాకా నాకు తెలీదు
జీడిపప్పు ముక్కలుగా పుట్టదని.

ఈసారి కొంగుముడి విప్పింది.
ఏడు. ఎక్కడా పెచ్చు ఊడనివి.
"కొన్నానే" అంటూ నేనడక్కుండానే చీటీ చూపించింది.
అవి నేతిలో దోరగా తిరుగుతున్నంతసేపూ
ఊపిరి బిగబట్టి గరిటె ఆడించింది,
పసిబిడ్డకి తలంటుతున్నట్టు.

చిక్కుడాకులు ఏడు పరిచి
ఆకుకింత పరమాన్నం, పైన ఒక్కో పలుకు.
తూరుపు ఇంకా బూడిదరంగే.
దండం పెట్టి కళ్లు తెరిచేసరికి
ఒక ఆకు మీద పలుకు లేదు.
తమ్ముడి బుగ్గ ఉబ్బి ఉంది.

అమ్మ చెయ్యెత్తింది.
ఆ నల్లటి వేళ్లతో వాడి మూతి తుడిచింది.
"ఏడు గుర్రాల్లో ఒకటి
ఆకలికాగలేక ముందొచ్చీసినట్టుంది."