మందు

డండీ ఊళ్లో, టే నది ఉప్పుగాలి ఎక్కివచ్చే వీధిలో
ఒకే వరసన రెండు తలుపులు.
మధ్యలో బస్టాపు, బస్టాపులో బెంచీ,
బెంచీ మీద స్ట్రువన్.

ఎడమ తలుపు అడుగుతుంది: మందు మానేశావా?
కుడి తలుపు అడుగుతుంది: మందు వేసుకుంటున్నావా?
మొదటిదానికి లేదంటే రేపు రమ్మంటారు.
రెండోదానికి లేదంటే అక్కడికి పొమ్మంటారు.
అక్కడికి అంటే నలభై మూడు అడుగులు.
లెక్కపెట్టింది అతనే.
ఇళ్ల కప్పులకు పలకరాళ్లు పరిచినవాడు,
లెక్క తప్పడు.

తాగుడు మానితే గాని తల కుదరదట,
తల కుదిరితే గాని తాగుడు మానలేడట.
పెళ్లీ పిచ్చీ సామెత లాంటిదే ఇదీ.
నవ్వొచ్చేది, బెంచీ మీద మనిషి లేకపోతే.

నీ పని ఏమిటని ఫారంలో ఒక గడి ఉంది.
"తోడు నడవడం" అని రాస్తే
పై ఆఫీసు ఎర్ర గీత గీసి వెనక్కి పంపింది.
నేను చేసేది మాత్రం అదే.

అతని కుడి జేబులో వారం మాత్రల డబ్బా,
ఏడు గదులు. మంగళవారం ఇంకా నిండుగానే ఉంది.
ఎడమ జేబులో గలగలమనేదేమిటో చెప్పనక్కర్లేదు.
రెండు జేబులూ ఒక్క కోటువే కదా
అన్నాను ఒకసారి డాక్టర్ మకాల్పిన్‌తో.
ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది, మాట్లాడలేదు.
ఆ శుక్రవారం మాత్రం తలుపు దాటి
బెంచీ దగ్గరికే వచ్చింది,
మెడలో కార్డు లేకుండా, చేతిలో చిప్స్ పొట్లంతో.

అప్పుడు చెప్పాడు మాకిద్దరికీ.
కప్పు మీద పనిలో ఉండగా మొదటిసారి వినబడిందట,
పలకల కింద ఎవరో తన పేరు గొణగడం.
తాగితే ఆ గొంతు పక్కింటికి పోతుందట.
"పోదు," అన్నాడు మళ్లీ తనే,
"పక్కింట్లోంచి గోడ కొడుతుంది."
సముద్రపు కాకి ఒకటి వాలి చిప్స్ ఎత్తుకుపోయింది.
ముగ్గురం తిట్టాం దాన్ని, ఒకే తిట్టు.

ఇది బాగుపడ్డ కథ కాదు.
పోయిన గురువారం తాగి పడి మోకాలు చిట్లింది.
అంతకుముందు పదకొండు రోజులు ముట్టలేదు.
ఆ పదకొండూ ఎక్కడికీ పోలేదు,
దిగ్గొట్టిన మేకుల్లా ఉన్నాయి లోపల.
ఒక పలక జారిందని ఇల్లు కూల్చరు, అన్నాను.
"ఎన్ని జారితే కూలుస్తారు?" అన్నాడు.
నాకు తెలియదు.

ఇవాళ వాన. సీసా వాసనతోనే వచ్చాడు.
దిగాక రా అనలేదు నేను.
జరిగి కూచున్నాను, తడవని వైపు అతనికొదిలి.
మంగళవారం గది మూత వేలితో మీటుతూ
"దీని మీద ఇది వేసుకోవచ్చా?" అన్నాడు.
అడుగుదాం పద, అన్నాను. రెండుచోట్లా అడుగుదాం.

ఆ కొస నుంచి ఈ కొసకి నలభై మూడు.
"ఇద్దరం కదా," అన్నాడు కాలర్ పైకెత్తుకుంటూ,
"ఎనభై ఆరు."
లెక్క తప్పడు.